తాయెత్తు కట్టిన చేయి

పోయిన వారం మా ఆయన కుడి చేతిని బీపీ మిషను పట్టీలో ఇరికించి, అంకె తేలేలోపే మిమ్మల్ని వదిలేసి వెళ్లాను. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. మా కాపురం ప్రొద్దుటూరులో. మా ఆయన నారాయణకు పురుగుమందుల అంగడి ఉంది, వేముల పక్కన చీనీతోట, అదే బత్తాయితోట, ఉంది, నాలుగేళ్లుగా బీపీ ఉంది. ఇవి చాలవన్నట్టు ఊళ్లవాళ్ల తగాదాలు తీర్చే పెద్దమనిషితనం కూడా ఉంది.

మిషను మాది కాదు, పక్కింటి ఖమర్‌బీది. కువైట్‌లో ఉన్న కొడుకు ముదస్సిర్ తల్లికి పంపాడు. రెండిళ్ల మధ్య పిట్టగోడ మీదుగా అది అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, చక్కెర గిన్నెలాగా. అంకెలు అందరికీ అర్థమయ్యేవే. కానీ చూడటం అయిపోగానే వాటిని పైకి చదివి వినిపిస్తుంది, అరబ్బీలో. నోరు మూయించే మీట ఎక్కడుందో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అది మాట్లాడినప్పుడల్లా ఖమర్‌బీ కొంగు తలమీదికి లాక్కుంటుంది. "అది చెప్పేది నీ బీపీనే గదక్కా" అంటే, "ఏ బాసలో చెప్తాందో అది గూడా సూడల్ల గదా" అంటుంది.

ఇక తాయెత్తు. మూడేళ్ల కిందట ముద్దనూరు రోడ్డులో జీపు పల్టీ కొట్టి, మా ఆయన చిన్న గీత కూడా పడకుండా బయటికొచ్చాడు. అంత అదృష్టం రెండోసారి నమ్ముకోరాదని మా అత్త భారతమ్మ, ఖమర్‌బీని వెంటబెట్టుకుని దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కొడుకు కుడి జబ్బకు కట్టింది. రాగి గొట్టం, నల్లదారం. మిషను పట్టీ దానిమీద చుడితే గొట్టం కండలోకి దిగుతుంది. తీసి చూద్దామంటే కట్టినావిడ ఒప్పుకోదు. అందుకని అప్పటినుంచీ మా ఆయన బీపీ ఎడమ చేతి బాధ్యత. ఇంట్లోనూ అంతే, ఆసుపత్రిలోనూ అంతే. కాంపౌండరు కూడా తాయెత్తు చూసి, "ఆ చెయ్యి ఇయ్యన్నా" అనేవాడు. ఎడమ చేయి ఎప్పుడు చూసినా బుద్ధిగా నూట ముప్పై అటూ ఇటూ చూపించేది. అది చూసి డాక్టరు మాత్రను సగం చేశాడు. మిగిలిన సగాన్ని మా ఆయనే తీసేశాడు.

ఆ ఉదయం స్నానం చేస్తుంటే దారం తెగింది. మొదటిసారిగా ఖాళీ అయిన కుడి చేతికి పట్టీ చుట్టాను. అక్కడ ఆపాను కదా. పట్టీ ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. ఎప్పుడూ ఒక్కసారితో సరిపెట్టేది.

నూట ఎనభై నాలుగు, కింద నూట ఆరు.

మిషను అరబ్బీలో చదివింది. మామూలుకన్నా ఎక్కువసేపు చదివినట్టు అనిపించింది నాకు.

"ఎంతంట?" అన్నాడు మా ఆయన.

చెప్పాను.

"మిషనుకు తిక్కబట్టింది. ఎడమచేతికి పెట్టు."

మిషనుతో వచ్చిన కాగితంలో అరబ్బీ కాకుండా ఇంగ్లీషు కూడా ఉంది కాబట్టి నియమాలు నాకు తెలుసు. వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్లు నేలమీద ఆన్చాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, కాసేపు కదలకుండా మాట్లాడకుండా ఉండాలి. చివరి షరతు దగ్గరే మా ఆయన ఎప్పుడూ తప్పుతాడు. ఫోను లాక్కుని, నోటిమీద వేలు పెట్టి కూర్చోబెట్టాను. ఎడమ చేయి నూట ఇరవై ఎనిమిది చూపించింది. మళ్లీ కుడి చేతికి మార్చాను. నూట ఎనభై రెండు.

మా ఆయనకు నవ్వొచ్చింది. "సూసినావా మే? నా ఒంట్లోనే రెండు పార్టీలు లేసినాయి. కుడిచెయ్యి ఒగ పార్టీ, ఎడమచెయ్యి ఒగ పార్టీ."

"నవ్వులాట గాదు మామా."

"నేనూ నవ్వులాటకు చెప్తాల్యా. ఎన్ని తగాదాలు తెంచినా, దీన్ని తెంచల్యానా? అది నూటా ఎనభై రెండంటాంది. ఇది నూటా ఇరవై ఎనిమిదంటాంది. ఇద్దురూ చెరిసగం దిగితే ఎంత?"

"నూటా యాభై అయిదు." నేను బీయస్సీ చదివింది ఇలాంటి లెక్కలకే పనికొస్తోంది.

"అయిపాయ. నూటా యాభై అయిదుకు ఎవురూ సావలే. ఇంగ ఎవురూ మాట్లాడకూడదు, పంచాయితీ ముగిసింది."

"పొలం గట్టా ఇది, చెరిసగం దిగేదానికి? రెండింట్లో ఒగటి అబద్ధం ఆడతాంది మామా. ఏదో కనుక్కోవల్ల."

"అబద్ధమాడేది ఎప్పుడూ జాస్తి అడిగేటోడే. అది నా అనుబవం."

వేరుశెనక్కాయలు ఒలుస్తున్న మా అత్త అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇప్పుడు చేట పక్కకు పెట్టింది. "మిషనుదీ తప్పు ల్యా, చేతిదీ తప్పు ల్యా. తాయెత్తు ఊడింది, బీపీ ఎక్కింది. ఇది సూసేదానికి మిషను గూడా అక్కర్లేదు."

"తాయెత్తు ల్యాకున్నా ఎడమచెయ్యి బాగనే ఉంది గదత్తా?"

"ఎడమచేతికి ఎప్పుడు కట్టినాం తాయెత్తు? దానికి అది లేని బతుకు అలవాటే."

ఈ వాదనకు జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఆమె అంతటితో ఆగలేదు. లేచి దేవుని గూటిలో పెట్టిన తాయెత్తు తెచ్చి కొడుకు గుప్పిట్లో పెట్టి, మళ్లీ చూడమంది. చూశాను. నూట డెబ్బై ఆరు.

"సూడు, దిగె!" అంది మా అత్త, చెరువు నిండి మరవ పారినంత సంబరంగా.

"కూచుని రోంచేపు అయ్యింది గదత్తా, అందుకు దిగుంటాది. నూటా డెబ్బై ఆరు గూడా శానా ఎక్కువే."

"దిగిందా ల్యాదా?"

"దిగింది."

"అంతే మరి."

నాకు ఒక్కటి అర్థమైంది. అంకె ఎటు పోయినా మా ఇంట్లో ఎవరికి కావలసింది వాళ్లకు అందులో దొరుకుతోంది. పెరిగితే అత్తది గెలుపు, తగ్గినా అత్తదే గెలుపు. ఎడమకు పెడితే మా ఆయనది. నా పక్షాన మాట్లాడేది ఆ మిషను ఒక్కటే. దానికి తెలుగు రాదు.

అప్పుడే ఖమర్‌బీ పిట్టగోడ దగ్గరినుంచి పిలిచింది. "దర్శినీ, ఏమైందమ్మా? పొద్దున్నుంచి మిషను ఊరికే మాట్లాడతానే ఉండాది. నేను కొంగు దించుకోనే ల్యా."

సంగతి చెప్పేసరికి చుట్టూ తిరిగి వచ్చేసింది. ఆమె రెండు చేతులకూ చూశాను. నాలుగైదు అంకెల తేడా, అంతే. నావీ చూసుకున్నాను, దాదాపు సమానం. అత్త చేతులూ చూశాను, కొడుకు తాయెత్తు ఊడినందుకు కాబోలు రెండూ సమానంగా కోపంగా ఉన్నాయి. మిషను నిర్దోషి అని తేలిపోయింది. మా అందరికీ రెండు చేతుల్లోనూ పారేది ఒకటే రక్తం. మా ఆయనకు మాత్రం కుడికొకటి, ఎడమకొకటి.

"ఈ పొద్దు వేములకు పోవద్దు మామా" అన్నాను. "పదైతే డాక్టరొస్తాడు. కుడిచెయ్యి సూపిచ్చుకొని పోదువు."

"పోకుంటే ఎట్ల మే? అన్నదమ్ములు ఇద్దురు, బోరు ఒగటి. చీనీచెట్లు ఎండిపోతాండాయి. నేను నడమ కూచుంటేనే కూచుంటామని రెండు పక్కలోళ్లూ చెప్పినారు. నేను పోకుంటే ఆడ తలకాయలు పగుల్తాయి."

"పోతే ఆడ అరుస్తావు."

"అరవకుంటే అది పంచాయితీ ఎట్లయితాది, పేరంటమయితాది గానీ."

"నెత్తి నొస్తాందా?"

"ల్యా."

"కండ్లు మసకగా ఉండాయా?"

"నువ్వు ఇన్ని అడిగినాక రోంత మసకైతాండాయి."

ఖమర్‌బీ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మనిషితో ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. ఊళ్లో ఎవరైనా తన మాట కాదంటే నమ్మడు. ఇప్పుడు సొంత చేయి కాదంటోంది, దాన్నీ నమ్మడం లేదు.

మా ఆడబిడ్డ కొడుకు మహేష్ కారు తెచ్చి వాకిట్లో ఆపాడు. ఇక ఆపడం నా వల్ల కాదని తెలిసి, మానేసిన మాత్రల అట్ట వెతికి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎలక్షన్లప్పుడు అవతలి పార్టీవాళ్లు ఇచ్చిన కరపత్రాన్ని కూడా సరిగ్గా అంతే మర్యాదగా జేబులో వేసుకుంటాడు. మజ్జిగ సీసా తెద్దామని లోపలికి పోయి వచ్చేసరికి, మా అత్త కారు కిటికీలోకి వంగి ఏదో గొణుగుతోంది. దిష్టి తీస్తోందనుకున్నాను. కారు పోయింది.

డాక్టరు ఫోను ఎత్తేసరికి పదిన్నర దాటింది. చూసిన అంకెలన్నీ ఏ చేతివి ఆ చేతికి చెప్పాను. అవతల వాటిని రాసుకుంటున్న చప్పుడు. డాక్టర్లు మాట్లాడకపోతే నాకు భయం. మాట్లాడితే ఇంకా భయం.

"అమ్మా, రెండు చేతులకూ అయిదో పదో తేడా ఉంటే పట్టించుకోం. యాభై ఉండకూడదు. తేడా వచ్చినప్పుడు ఎక్కువ చూపించిన చేతినే నమ్మాలి."

"మరి ఎడమ చేతిది, సార్?"

"ఆ చేతికి పోయే రక్తనాళం పైన ఎక్కడో సన్నబడి ఉంటుంది. కాలవలో అడ్డం పడితే చివరి మడికి నీళ్లు తక్కువ అందుతాయి కదమ్మా? మడిలో నీళ్లు తక్కువున్నాయని, చెరువులో నీళ్లు తగ్గినాయని అనుకోకూడదు. కుడి చేయి చెప్పేది చెరువు సంగతి. గుండెకు, మెదడుకు తగిలే ఒత్తిడి అదే."

"ఇన్నాళ్లూ అంతేనా?"

"ఇన్నాళ్లూ అంతే అయ్యుండొచ్చు." ఆ వెంటనే, "నేనూ ఎడమ చేతికే చూశాను కదా" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

ఆ తర్వాత గబగబా చెప్పాడు. మానేసిన మాత్ర ఒకటి ఇప్పుడే వేసుకోవాలి. అరవకూడదు, ఆవేశపడకూడదు, కారు తోలకూడదు. పని మధ్యలోనే వదిలేసి వెనక్కి రావాలి. "మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చేయిగానీ కాలుగానీ లేవకపోయినా నాకు ఫోను చేస్తూ కూర్చోవద్దు. ఎక్కడుంటే అక్కడికి దగ్గరున్న పెద్దాసుపత్రికి పరిగెత్తండి."

మా ఆయనకు ఫోను చేశాను. మోగింది, ఆగింది. మహేష్‌కు చేశాను.

"జమ్మలమడుగులో ఉండాం అత్తా. సర్వేయరు సారును ఎక్కిచ్చుకునేదానికి నిలబడినాం. మామ కారం దోస తింటాండాడు."

"ఒగటేనా?"

మహేష్ అబద్ధం చెప్పలేడు. అందుకని ఏమీ చెప్పలేదు.

డాక్టరు చెప్పిందంతా వాడికి ఒప్పజెప్పాను. వెనక్కి తిప్పుకుని రమ్మంటే వాడు దోస పెనం దగ్గరికి పోయి అడిగి వచ్చాడు. "రానంటాండాడత్తా. చెరిసగం చేసి పంపినా గదా, మల్ల అప్పీలేంది అంటాండాడు."

"సరే, దోవలో మందులంగడి యాడన్నా కనపడితే నిలుపు. బీపీ సూపిచ్చు. కుడిచేతికి. మహేషూ, ఏ చేతికి?"

"కుడిచేతికి."

"సూపిచ్చి, మాత్ర మింగిచ్చి, నాకు ఫోను చెయ్యి."

"పులివెందులలో నా దోస్తుది మందులంగడి ఉండాది అత్తా. ఆడ సూపిస్తా."

ఆ తర్వాత నేను చేసిన పనులు ఏవీ పనులు కావు. పొయ్యిమీద పప్పు పెట్టి దించడం మరిచాను. ఫోను చార్జింగు పెట్టి, మోగితే వినపడదేమోనని తీసి, మళ్లీ పెట్టాను. మిషను మంచంమీద పట్టీ చుట్టుకుని పడుకున్న పిల్లిలా ఉంది. దానిలో దాచుకున్న పాత అంకెలు ఒక్కొక్కటే వెనక్కి నొక్కి చూశాను. ఆ ఉదయానివి తప్ప అన్నీ చక్కనివే. చూసిన ప్రతిసారీ ఎంత నెమ్మదిగా నిద్రపోయామో గుర్తొచ్చింది.

ఫోను మోగింది.

"నూటా ముప్పై అత్తా!" మహేష్ గొంతులో పండగ. "శానా బాగుండాదంట. నా దోస్తు గూడా అన్యాడు."

"ఏ చేతికి రా?"

మాట లేదు.

"మహేషూ, ఏ చేతికి?"

"ఎడమకే అత్తా. కుడిచేతికి తాయెత్తు ఉండాది గదా."

"ఆ తాయెత్తు పొద్దున్నే ఊడింది గదరా!"

"అవ్వ కట్టి పంపించింది. కారు ఎక్కేటప్పుడు, ఎర్రదారంతో. తీస్తే నా మింద ఒట్టే అన్నిందంట. మామ దాన్ని ముట్టనియ్యలే."

దిష్టి కాదు అది. నేను మజ్జిగకు పోయినంతసేపులో నా వెనకాల జరిగిపోయిన పని.

"మాత్ర?"

"నూటా ముప్పై ఉంటే మాత్ర యాల, ఏసుకుంటే కింద పడిపోతా అని మల్ల జేబులో పెట్టుకున్యాడు. ఇంగ వేములకు వచ్చేసినాం అత్తా. పంచాయితీ కూచునింది. మామ ఫోను గంపలో ఏసేసినాడు."

ఆ గంప గురించి చెప్పాలి. పోయిన సంవత్సరం ఎవడో పంచాయితీ మాటలన్నీ ఫోనులో పట్టి వాట్సాప్‌లో పెట్టాడు. రెండు కుటుంబాలు మళ్లీ కొట్టుకున్నాయి. అప్పటినుంచీ మా ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. కూర్చునేముందు ప్రతివాడూ తన ఫోను గంపలో వేయాలి. తీర్పు అయ్యేదాకా గంప ముట్టుకోకూడదు. ముందు తన ఫోనే వేస్తాడు. ఈ కట్టుబాటు చూసి నేను ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో!

నేను అత్త ముందుకు పోయి నిలబడ్డాను. ఆమె చేటలోని కాయలు ఒలుస్తూనే ఉంది.

"అత్తా, తాయెత్తు మల్ల కట్టినావా?"

"కట్టినా."

"ఒట్టు గూడా పెట్టినావా?"

"పెట్టినా. నువ్వు నా మాట ఇన్యావా, నేను నీ మాట ఇనేదానికి?"

డాక్టరు చెప్పిన కాలవ సంగతి, చెరువు సంగతి చెప్పాను. ఆమె వేళ్లు ఆగాయి గానీ ముఖం మెత్తబడలేదు. "మా ఇంటాయన, మీ మామ, యాడ పడిపోయినాడో తెల్సా నీకు?" అంది. "మడిలో. నీళ్లు కట్టేదానికి పోయి. అప్పుడు మిషను ల్యా, డాక్టరు ల్యా. ఈ చెయ్యా ఆ చెయ్యా అని అడిగేటోడు ల్యా. ఇంటికి తెచ్చేలోపల అయిపాయ. నా కొడుకు జీపు కింద పడి లేసొచ్చినాడంటే ఎవురు కాపాడినారో నాకు తెల్సు. నేను తీయమని చెప్పను."

ఆమె భయపడేదీ, నేను భయపడేదీ ఒకటే. మా ఇద్దరి భయాలూ ఒకే చేతికోసం కొట్లాడుకుంటున్నాయి. అంతే.

ఖమర్‌బీ ఇంకా వెళ్లలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. "భారతక్కా" అంది మెల్లగా, "మా ముదస్సిర్ జబ్బకు గూడా నేను అదే దర్గాది కట్టి పంపినా. ఇమానం ఎక్కేకాడ సోదా చేసేటోళ్లు, ఇనుమో రాగో ఉండాది, తీయల్లన్యారంట. తీసి తట్టలో పెట్టి, ఆ గేటు దాటినాక మల్ల కట్టుకున్యాడు. ఇమానం కింద పడిందా? పిల్లోడు కువైట్ పోయి నాకు మిషను పంపలే?"

"తీసినాడా?" అంది మా అత్త. ఆ మాట ఆమెకు కొత్త.

"తీసినాడక్కా. ఒగ నిమిసం. తీసేది వేరు, పారేసేది వేరు."

మా అత్త తాయెత్తు కట్టగా మిగిలిన ఎర్రదారం ఉండను చూస్తూ కూర్చుంది. ఆ ఉండ ఆమె ఒళ్లోనే ఉంది. తర్వాత చీర కుచ్చెళ్లమీది పొట్టు దులుపుకుని చేయి చాపింది. "ఫోను ఇటియ్యి. ఒట్టు పెట్టింది నేను. ఇప్పేది గూడా నేనే చెప్పల్ల."

మహేష్‌కు చేసి స్పీకరు పెట్టాను. వాడు పంచాయితీ జరుగుతున్న తోట బయట కారులో ఉన్నాడు. ఫోను తీసుకుని లోపలికి పో అంటే భయపడ్డాడు.

"గంపలో ఏయకుండా ఫోను తెస్తే మామ తిడ్తాడత్తా."

"తిట్టనీ. నేనే చెప్తా" అంది మా అత్త. "నడువు రా!"

వాడు నడుస్తుంటే వినిపిస్తోంది. ఎండుటాకుల చప్పుడు, తర్వాత రేకుల పందిరి కింద మగవాళ్ల గొంతులు. ఒకడు బోరుకు పెట్టుబడి తనదంటున్నాడు. ఇంకొకడు నేల తనదంటున్నాడు. వాళ్ల మీదుగా మా ఆయన గొంతు వినబడుతుందని చెవి ఒగ్గాను. వినబడలేదు. అరవడం లేదు. డాక్టరు మాట విన్నాడేమోనని ఒక్క క్షణం మనసు కుదుటపడింది.

"ఎవుర్రా ఫోను తెచ్చిండేది?" అన్నాడు ఎవరో.

"అవ్వ మాట్లాడతాదంట మామా. ఒగ మాట, అంతే" అన్నాడు మహేష్.

"నాయనా నారాయణా" అంది మా అత్త. ఫోనును రెండు చేతులతో పట్టుకుంది, దీపం పట్టుకున్నట్టు. "ఆ తాయెత్తు తీయి నాయనా. నేనే చెప్తాండా. ఒట్టు ల్యా, ఏం ల్యా. తీసి జేబులో పెట్టుకో. కుడిచేతికి బీపీ సూపిచ్చుకో. మాత్ర ఏసుకో."

"తీయాల్నా?" అన్నాడు మా ఆయన. మాట కాస్త లావుగా వచ్చింది. పంచాయితీకి కూర్చుంటే దవడలో వక్క ఉంటుంది, అదే అనుకున్నాను. "పొద్దున ఒట్టు, మద్దేనం గట్టు. మీ ఆడోళ్ల తీర్పులు నిలబడవు మా."

"నిలబడకపోయినా పర్వాల్యా. తీయి."

"తీస్తాండా."

వేచి ఉన్నాం. ఖమర్‌బీ తన కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

"ఏంది మా ఈ ముడి" అన్నాడు మా ఆయన, నవ్వుతూ. "ఎద్దును కట్టేసినట్ల ఏసినావు. దొరకల్యా."

"రెండు పోగులే నాయనా. కొస పట్టుకుని లాగు, వచ్చేస్తాది."

"లాగుతాండా గదా."

బోరు నాదన్నవాడూ, నేల నాదన్నవాడూ ఒకేసారి మాట ఆపేశారు. పందిరి కింద అంత మంది ఉన్నారు, ఒక్కరి దగ్గు కూడా లేదు.

"మామా" అన్నాడు మహేష్ అక్కడ. తర్వాత గొంతు ఫోనుకు దగ్గరగా వచ్చింది, గుసగుసగా.

"అత్తా... తీస్తాండా, తీస్తాండా అంటాండాడు. ఎడమచెయ్యి ఒళ్లోనే ఉండాది. లేస్తాల్యా."